అర పేజీ చాలు

(కోలారు బంగారు గనుల ప్రాంతంలో తెలుగు క్రైస్తవ యువతీయువకుల కూడికలో చేసిన ప్రసంగం)

బరంపురం నుంచి, షోలాపూర్ నుంచి, చెన్నై నుంచి, యానాం నుంచి రాత్రంతా రైళ్ళలో కూర్చొని వచ్చినవాళ్ళున్నారు. మీకు నిద్ర వస్తోందని మాకు తెలుసు. అందుకే వాక్యం చెప్పినట్టు గంటసేపు చెప్పం. మేము నలుగురం ముందుకొచ్చి నిలబడ్డాం, మాట్లాడేది ఒక్కరే. చెప్పేది మాత్రం నలుగురి మాట.

మూడేళ్ళ కిందట మా సంఘంలో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. ముప్పయ్యేళ్ళకు పైగా గనిలోకి దిగిన మనిషి. సమాధి కార్యక్రమంలో జీవిత చరిత్ర చదవడం మనందరికీ అలవాటే గదా. ఇంటివాళ్ళు ఒక కాగితం తెచ్చి ఇచ్చారు. అందులో పదకొండు వాక్యాలు. ఎక్కడ పుట్టారు, ఎప్పుడు బాప్తిస్మం పొందారు, పెళ్ళి ఎప్పుడు, ఏ గనిలో చేరారు, ఎప్పుడు రిటైరయ్యారు, పిల్లలెందరు, మనవలెందరు. చివర "నమ్మకమైన విశ్వాసి" అని. చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మేము వెనక నిలబడి విన్నాం. ఆ మనిషి మాకు చిన్నప్పటి నుంచి తెలుసు. దగ్గు మొదలైతే లైను చివరికి వినబడేది. పడుకుంటే ఊపిరాడదని రాత్రంతా అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చునేవారు. రాయి తొలిచేటప్పుడు లేచిన దుమ్ము ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బు అది. డాక్టర్లు సిలికోసిస్ అంటారు. ఆయన జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లుండేవి. పిల్లలకు తలా ఒకటి ఇచ్చి, దగ్గు ఆగుతుందని తనూ ఒకటి నోట్లో వేసుకునేవారు. ఆ పదకొండు వాక్యాల్లో పిప్పరమెంటు లేదు. దగ్గు కూడా లేదు. మట్టి వేసి ఇంటికి వస్తుంటే మాలో ఒకరన్నారు, "మన పదకొండు వాక్యాలు ఎవరు రాస్తారో?" అని. ఎవరం నవ్వలేదు.

ఈ ఊరి గురించి రాసినవాళ్ళు లేరని కాదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి ఇంత దూరం కరెంటు తెచ్చారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, ఫోనులో కొడితే వస్తాయి. గనుల్లోకి దిగినవాళ్ళలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు వైపు నుంచి వచ్చిన తమిళ దళితులు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన మనవాళ్ళూ వాళ్ళ పక్కనే దిగారు. కంపెనీ లెక్కల్లో వాళ్ళున్నారు, మనుషులుగా కాదు, సంఖ్యలుగా. 1930లో వేలిముద్రలు తీసుకుని నమోదు చేస్తామంటే కార్మికులు ఒప్పుకోక సమ్మె చేశారు. అంత పట్టుదల గల మనుషులు ఆ సమ్మె రోజుల్లో ఇంట్లో ఏం వండుకు తిన్నారో మాకు తెలీదు. చెప్పే మనుషులు ఉన్నప్పుడు మేం అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే వాళ్ళు లేరు.

అలా మొదలుపెట్టాం. నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక సండే స్కూలు గదిలో ఒక ఇరవై నిమిషాలు కూర్చుంటాం. తలా ఒక కాగితం. అర పేజీ దాటకూడదు. పూర్తి పేజీ అనగానే మనవాళ్ళు "ఈ నశించిపోవు లోకములో..." అని ఎత్తుకుంటారు. అర పేజీలో దానికి చోటుండదు. రాస్తే ఒక వస్తువు గురించి రాయాలి, లేకపోతే ఒక పూట గురించి. "మా అమ్మ చాలా మంచిది" అని రాస్తే తిరిగి ఇచ్చేస్తాం. నిన్న పొద్దున అమ్మ ఏం చేసిందో రాయమంటాం.

మొదటి నెల తొమ్మిదిమందిమి కూర్చున్నాం. నలుగురు ఖాళీ కాగితాలిచ్చారు. ఒకతను యోహాను సువార్త 3వ అధ్యాయం 16వ వచనం రాసిచ్చాడు, ఒక్క తప్పు లేకుండా. నవ్వకండి, అతను ఇప్పుడు మా అందరికంటే బాగా రాస్తాడు.

అక్షరాల సంగతి చెప్పాలి. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మందికి అదే అడ్డమని మాకు తెలుసు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. మా పిల్లల్లో చాలామందికి తెలుగు కీర్తనలు కంఠతా వచ్చు, తెలుగు బైబిలు మాత్రం చదవలేరు. "మాకు తెలుగు రాయడం రాదంకుల్" అన్నారు. కన్నడ అక్షరాల్లో రాయండన్నాం. ఆ రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు, ఏమీ ఇబ్బంది లేదు. చెన్నై పిల్లలకు కొంచెం కష్టమే. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కాబట్టి అవ్వ నెత్తిన గంప ఉందో కంప ఉందో చదివేవాళ్ళు ఊహించుకోవాలి. ఊహించుకుంటాం, పరవాలేదు. షోలాపూర్ వాళ్ళు దేవనాగరిలో రాయండి, బరంపురం వాళ్ళు ఒరియా అక్షరాల్లో రాయండి, ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టండి. యానాం వాళ్ళకు ఈ బాధ లేదు, ఆ మాటకు కొంచెం అసూయగానే ఉంది మాకు.

మాలో ఒకరు తెలుగు మాస్టారు. ఆయన చేసిన తప్పు ఒకటి ఆయన అనుమతితోనే చెబుతున్నాం. ఒకావిడ "మా అవ్వ సంగటి గెలికేది" అని మొదలుపెట్టి రాసింది. మాస్టారు ఎర్ర సిరాతో దిద్ది "మా నాయనమ్మగారు రాగిముద్ద తయారుచేసేవారు" అని చేశారు. ఆమె చదువుకుని కాగితం మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది. "సార్, ఈమె ఎవరో వాళ్ళ నాయనమ్మ. మా అవ్వ కాదు" అంది. నిజమే గదా. గెలకడమంటే వేడి కుండను కింద పెట్టి, గుడ్డ వేసి రెండు పాదాల మధ్య అదిమిపట్టి, రెండు చేతులా తెడ్డు తిప్పడం. భుజాలు నొప్పి పుడతాయి, పాదాలకు సెగ తగులుతుంది. "తయారుచేసేవారు" అంటే ఆ భుజాలూ పోయాయి, పాదాలూ పోయాయి. అప్పటి నుంచి మాస్టారు ఎర్ర పెన్ను ఇంట్లో పెట్టి వస్తున్నారు.

మన పక్కనే తమిళనాడులో బామ ఇదే పని చేశారు. దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టి, సన్యాసినిగా మఠంలో ఉండి, బయటికి వచ్చాక తన బాల్యాన్ని తమ వీధి మాటల్లోనే రాశారు. 1992లో వచ్చిన ఆ "కరుక్కు" దొరికితే చదవండి. మన జాషువా గారు తన జీవితాన్ని "నా కథ" పేరుతో పద్యాల్లో చెప్పుకున్నారు. మాకు పద్యం రాదు, అంత పుస్తకం రాసే ఓపికా లేదు. అర పేజీ వచ్చు.

ఒకటి చదువుతాం. రాసినావిడ ఇక్కడే ఉన్నారు, చదవమన్నారు.

"మా వంటింట్లో చెక్క మీద ఏడు గిన్నెలుండేవి. గని లోపల రాయి పగిలితే గిన్నెలు మోగేవి. అమ్మ ముందు గడియారం చూసేది. నాన్న షిఫ్టు కాకపోతే మళ్ళీ పొయ్యి ఊదుకునేది. నాన్న షిఫ్టయితే పొయ్యిలో నీళ్ళు పోసి, చెప్పులు కూడా లేకుండా షాఫ్టు దగ్గరికి పోయేది. ఒకసారి మోగినప్పుడు నాన్న ఇంట్లో పడుకొని ఉన్నాడు. పక్కింటత్త వాళ్ళాయన లోపల ఉన్నాడు. అమ్మ జారిన గిన్నె సరిగ్గా పెట్టింది. అప్పుడు అమ్మ ముఖం నేను చూశాను. సంతోషంగా ఉంది. సాయంత్రం అత్తవాళ్ళింట్లో ఏడుపు. అందరికంటే గట్టిగా మా అమ్మే ఏడ్చింది."

అంతే. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ కోసం ఒక మాట. అంత లోతున రాయిని తొలిచి ఖాళీ చేస్తూ పోతే పైనున్న బరువుకు చుట్టూ ఉన్న రాయి ఒక్కసారిగా పగిలి పేలుతుంది. దాన్నే రాక్ బరస్ట్ అంటారు. పైన ఇళ్ళల్లో నేల అదిరేది.

ఆవిడ చదవడం ముగించాక గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దమనిషి అడిగారు, "అమ్మా, చివర దేవుని కృప గురించి ఒక్క వాక్యం కలుపుతావా?" అని. ఆయన మంచి ఉద్దేశంతోనే అడిగారు. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆ రోజు అమ్మ ఆ మాట అనలేదండీ" అంది.

మా నలుగురిలో పెద్ద వాదన జరిగింది దీని మీద. మనకు సాక్ష్యం చెప్పడం బాగా అలవాటు. సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. ముందు చీకటి, మధ్యలో ప్రభువు కలుసుకోవడం, తర్వాత వెలుగు, చివర హల్లెలూయ. అది మంచిదే, అది విని మారిన మనుషులు మా మధ్యనే ఉన్నారు. కానీ రోజూ జరిగేదంతా ఆ పద్ధతిలో ఇమడదు. ఇమిడ్చితే ఆ అమ్మ ముఖంలోని సంతోషాన్ని కొట్టేయాలి. లేదా ఆమెను పాపిని చేసి పశ్చాత్తాపపడ్డట్టు రాయాలి. రెండూ ఆమెకు అన్యాయమే. మొగుడు బతికి ఉన్నాడని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్న మనిషి ఆమె. ఆ ఊపిరికీ ఆ సాయంత్రం ఏడుపుకీ మధ్య ఏముందో ఆమెకే తెలియాలి.

బైబిలులోనే 88వ కీర్తన ఉంది. చీకటితోనే ముగుస్తుంది. ఎవరూ దానికి వెలుగు వచనం అతికించలేదు. యెహోషువ గ్రంథం 4వ అధ్యాయం తీయండి. యొర్దాను దాటాక నది మధ్యలో యాజకులు నిలబడ్డ చోటి నుంచి పన్నెండు రాళ్ళు తెమ్మన్నారు. పిల్లలు రేపు ఈ రాళ్ళేమిటని అడిగితే చెప్పడానికి. ఆ రాళ్ళను చెక్కమని చెప్పలేదు, భుజాన మోసుకు రమ్మన్నారు. మేము ఆవిడ కాగితాన్ని అలాగే ఉంచాం. ఆ పెద్దమనిషి తర్వాతి నెల నుంచి రావడం మానలేదు గానీ, తన కాగితాల కింద ఇప్పటికీ "ఆమేన్" రాస్తారు. అది ఆయన ఇష్టం.

పిల్లలు రాసేవి వేరు. వాళ్ళకు గని తెలీదు. గనులు మూతపడ్డాక పుట్టినవాళ్ళకు తెలిసింది రైలు. మారికుప్పంలో చీకటితోనే ఎక్కి బెంగుళూరు పోయి, మళ్ళీ చీకటి పడ్డాక దిగే నాన్నలు, అక్కలు. ఒక కుర్రవాడు రాశాడు: తన తండ్రి ముఖం ఆదివారం తప్ప పగటి వెలుగులో చూడలేదట. తాత భూమి కిందికి పోయి సూర్యుణ్ణి చూడలేదు, నాన్న రైలెక్కి చూడలేదు అని. ఇరవై ఏళ్ళవాడికి ఆ మాట ఎలా తోచిందో! గాలి వీచినప్పుడు సైనైడ్ దిబ్బల దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద పడటం గురించి ముగ్గురు రాశారు. ముగ్గురూ ఒకరి కాగితం ఒకరు చూడకుండానే రాశారు.

ఇంతవరకూ మీకు మంచి సంగతులే చెప్పాం. ఇక మేము చేసిన పొరపాటు చెప్పకపోతే మీరు వెళ్ళి అదే చేస్తారు.

ఒక అమ్మాయి తన రెండు పేర్ల గురించి రాసింది. సంఘంలో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఇంకో పేరు. మొదటి పేరుతో పిలిస్తే తలెత్తుతుంది, రెండో పేరుతో పిలిస్తే కాసేపటికి గుర్తొస్తుంది. పరీక్ష హాల్లో తన పేరు పిలిచినా పలకకుండా కూర్చుందని రాసింది. చదివి మేమంతా చప్పట్లు కొట్టాం. ఎంత బాగుందో అనుకుని, ఆదివారం ఆరాధన చివర అందరి ముందు చదివించాం. ఆమె తండ్రి వెనక వరసలో ఉన్నారు. మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయారు.

ఎందుకో మీలో చాలామందికి విడమరచి చెప్పక్కర్లేదు. చిన్నవాళ్ళ కోసం చెబుతాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతంలో ఉంటేనే దళితుణ్ణి షెడ్యూల్డు కులంవాడిగా లెక్కిస్తారు. 1956లో సిక్కులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు. మనల్ని కలపలేదు. బాప్తిస్మం తీసుకుంటే ఊళ్ళో కులం పోదు, కాగితంలో మాత్రం పోతుంది. అందుకే ఎన్నో ఇళ్ళల్లో ఒకే మనిషి రెండు పేర్లతో బతుకుతున్నాడు. దాన్ని మోసం అనేవాళ్ళున్నారు, మన సంఘాల్లోనే ఉన్నారు. ఒకే నొప్పిని ఒకరి విషయంలో గుర్తించి ఇంకొకరి విషయంలో గుర్తించని ఉత్తర్వును ఏమంటారో వాళ్ళు మాత్రం చెప్పరు.

మర్నాడు పొద్దున్నే ఆ తండ్రి మా ఇంటికి వచ్చారు. కేకలేస్తారనుకున్నాం. వెయ్యలేదు. "మీరు నా బిడ్డకు రాయడం నేర్పారు, సంతోషం. అది చదివితే ఎవరి ఉద్యోగం పోతుందో ఆలోచించారా?" అన్నారు. ఆలోచించలేదు. కాగితం ఇచ్చేశాం. ఫోనులో తీసిన ఫొటో కూడా ఆయన ముందే తీసేశాం. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. టీ తాగమన్నా తాగలేదు.

న్యాయం కోసం నోరెత్తాలని చెప్పే సంఘం మనది. నోరెత్తడానికి ఒక అమ్మాయి కాగితాన్ని వాడుకున్నాం. ఆమె రాసింది తన పేరు గురించే అయినా అందులో తండ్రి ఉన్నాడు, అన్న ఉన్నాడు, వాళ్ళ తిండి ఉంది. అది మాకు తట్టలేదు. బాగా రాసిందన్న సంతోషంలో అడగడం మరిచిపోయాం. బాగా రాసినదాని దగ్గరే ఈ ప్రమాదం ఎక్కువ.

రెండు నెలలు రాయడం ఆపేశాం. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కాగితాలు మేము తీసుకోవడం మానేశాం. ఎవరిది వాళ్ళు ఇంటికి పట్టుకుపోతారు. చదవాలనిపిస్తే చదువుతారు. అందులో ఇంకో మనిషి ఉంటే ఆ మనిషిని ముందు అడిగి రావాలి. చనిపోయినవాళ్ళయితే ఇంటివాళ్ళను అడగాలి. పేర్లు రాయకపోయినా పరవాలేదు. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక 16వ అధ్యాయంలో ఎందరి పేర్లో రాశాడు, రూఫు తల్లి దగ్గరికి వచ్చేసరికి పేరు రాయలేదు. తనకూ తల్లే అని రాశాడు. ఆమె మనకు గుర్తుండిపోయింది.

ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి ఆ తండ్రినీ కూతుర్నీ అడిగాం. కొన్ని వివరాలు మార్చి చెప్పమన్నారు, మార్చాం. ఏవి మార్చామో అడగకండి. ఆ కాగితం ఏమైందని మేము అడగలేదు. ఆ అమ్మాయే ఒకసారి చెప్పింది, నాన్న దాన్ని చింపలేదని, పెద్ద బైబిలు అట్ట లోపల ఉందని. ఎప్పుడు బయటికి వస్తుందో మాకు తెలీదు. ఉత్తర్వు మారితే రావచ్చు. ఈలోగా అది ఉండాల్సిన చోటే ఉంది.

సరే, మీ మీ ఊళ్ళకు వెళ్ళి సంఘం పెట్టండి, కమిటీ వెయ్యండి అని మేం చెప్పం. కమిటీ వేస్తే ముందు రసీదు పుస్తకం అచ్చు వేయిస్తారు, మనకు తెలుసు గదా. షోలాపూర్ చెల్లెళ్ళకు వాళ్ళ అమ్మలు బీడీలు చుట్టిన చేటలు తెలుసు. బరంపురం తమ్ముళ్ళు పొద్దున బస్సులో మాకు చెప్పినవి రాస్తే చాలు, ముఖ్యంగా ఆ వరద రాత్రి పక్కింటివాళ్ళ మేక సంగతి. చెన్నై వాళ్ళు చెప్పడానికి సిగ్గుపడుతున్నారు, పడనివ్వండి.

తలుపు పక్కన అట్టపెట్టెలో సగానికి కోసిన కాగితాలున్నాయి. పెన్నులు తక్కువ, ఒకరిదొకరు తీసుకోండి. మీ ఇంట్లో ఒకప్పుడు రోజూ చేతికి తగిలి ఇప్పుడు లేని వస్తువు ఒకటి ఆలోచించండి. అది ఎక్కడ ఉండేదో, ఎవరి చేతిలో ఉండేదో రాయండి. రాసింది మాకు చూపించక్కర్లేదు. నాలుగు గంటలకు టీ వస్తుంది, అప్పటిదాకా ఎవరూ ఎవరితో మాట్లాడకండి. ముందు వరసలోని పెద్దలూ రాయాలి. అయ్యగారూ, మీక్కూడా ఒక కాగితం ఉంది.